ఏసీ లైను పక్కనే డీసీ లైను: పట్టాల ఎర్తింగ్‌లో ఎవరి మాట చెల్లాలి?

కొత్తపట్టా · సోమవారం, ఉదయం 9:40

నమస్కారం. నేను ఈ రంగంలోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. ఇప్పుడు చేస్తున్న ప్రాజెక్టులో 750 వోల్టుల డీసీ థర్డ్ రైల్ (పట్టాల పక్కన వేసి కరెంటు ఇచ్చే మూడో పట్టా) మెట్రో ఒకటి, ఇప్పటికే నడుస్తున్న 25 కిలోవోల్టుల ఏసీ మెయిన్ లైనుకు సమాంతరంగా సుమారు 3 కిలోమీటర్లు సాగుతుంది. రెండింటి మధ్య ఎడం చాలాచోట్ల 20 మీటర్లు. ఒక స్టేషన్లో రెండింటికీ కలిపి భవనం ఒక్కటే. పట్టాలు ఎక్కడా కలవవు. ఈ రైలు ఆ లైను మీదికి గానీ, ఆ రైలు ఈ లైను మీదికి గానీ రాదు.

ఒక వ్యవస్థ కరెంటు మరొకదాన్ని పాడుచేయకుండా చూసే బాధ్యత నాకు అప్పగించారు. సిగ్నలింగ్ వాళ్లను అడిగితే ట్రాక్ సర్క్యూట్ల (పట్టాల్లో కరెంటు పంపి రైలు ఉందో లేదో కనిపెట్టేవి) గురించి చెబుతున్నారు. సివిల్ వాళ్లు తుప్పు అంటున్నారు. సబ్‌స్టేషన్ వాళ్లు మాత్రం తీగకు తీగ తగలదు కాబట్టి 20 మీటర్లు చాలని తేల్చేశారు. వింటుంటే ఇవి మూడు వేర్వేరు సమస్యల్లా ఉన్నాయి. అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

తిరుగుదారి · సోమవారం, ఉదయం 10:25

మూడూ ఒకే సమస్యండీ. పైనున్న తీగను కాసేపు పక్కన పెట్టి పట్టాల సంగతి చూడండి. రైలు తీసుకున్న ప్రతి ఆంపియరూ తిరిగి సబ్‌స్టేషన్‌కు చేరాలి. చేరే దారి పట్టాలే. ఆ పట్టాలను భూమితో ఎలా ఉంచాలన్న విషయంలో ఏసీ, డీసీ వ్యవస్థలకు అస్సలు పొసగదు.

25 కిలోవోల్టుల ఏసీలో కరెంటు వందల ఆంపియర్లలో ఉంటుంది. అందులో కొంత పట్టాల నుంచి నేలలోకి దిగి, సబ్‌స్టేషన్ దగ్గర మళ్లీ పైకి వస్తుంది. దిశ సెకనుకు వంద సార్లు మారుతుంది కాబట్టి లోహాన్ని డీసీ తినేసినట్టు తినెయ్యదు. అక్కడి అసలు భయం పట్టాల మీద వోల్టేజ్ పెరిగి మనుషులకు షాక్ తగలడం. అందుకే స్తంభాలు, కంచెలు, ప్లాట్‌ఫారం ఇనుము అన్నింటినీ పట్టాలకు కలుపుతారు, పట్టాలను వీలైనన్ని చోట్ల ఎర్త్ చేస్తారు.

750 వోల్టుల డీసీలో అదే శక్తికి కరెంటు వేల ఆంపియర్లు. అందులో కొద్ది భాగం నేలలోకి జారినా అది ఎప్పుడూ ఒకే దిశలో పోతుంది. ఉక్కు నుంచి ఒక ఆంపియరు డీసీ ఏడాది పాటు నేలలోకి దిగితే 9.1 కిలోల ఇనుము కరిగిపోతుంది. ఇది ఫారడే సూత్రం నుంచి నేరుగా వచ్చే లెక్క. అందుకే డీసీలో పట్టాలను ఇన్సులేటింగ్ ప్యాడ్ల మీద కూర్చోబెడతారు, సబ్‌స్టేషన్ నెగటివ్ బస్‌బార్‌ను (పట్టాల నుంచి తిరిగొచ్చే కరెంటు చేరే లోహపు పట్టీని) భూమికి కలపకుండా వదిలేస్తారు.

ఒకరికి పట్టాలు భూమితో కలిసి ఉండాలి, ఇంకొకరికి విడిగా ఉండాలి. మీ స్టేషన్ భవనంలో ఈ రెండు కోరికలూ ఒకే గోడ దగ్గర ఎదురుపడతాయి. ఎవరి ఎర్తింగ్ ఎక్కడితో ఆగుతుందో, ఆ గీతను ఏ లోహమూ దాటకుండా ఎలా చూడాలో ముందు తేల్చుకోండి. సిగ్నలింగ్, తుప్పు, షాక్ లెక్కలన్నీ ఆ గీతను బట్టే ఉంటాయి. ఐరోపా ప్రమాణాల్లో ఈఎన్ 50122 మూడో భాగం ఏసీ, డీసీ వ్యవస్థలు ఒకదాని మీద ఒకటి చూపే ప్రభావానికే కేటాయించారు. మొదటి భాగం షాక్ భద్రతకు, రెండోది దారితప్పే డీసీకి. మూడూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

ఎర్రదీపం · సోమవారం, మధ్యాహ్నం 12:10

తిరుగుదారి గారితో ఏకీభవిస్తూనే, సిగ్నలింగ్ వైపు నుంచి ఒక మాట. ఇక్కడ తేడా వస్తే దాని ఫలితం భరించాల్సింది ప్రయాణికుడు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ట్రాక్ సర్క్యూట్ ఆ పట్టాల మీదే పనిచేస్తుంది. రైలు చక్రాలు రెండు పట్టాలనూ కలిపేస్తే రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎరుపు అవుతుంది. రైలు ఉన్నప్పుడు కూడా బయటి కరెంటు వచ్చి రిలేను ఎత్తి పట్టుకుంటే, రైలు ఉన్న లైను ఖాళీగా కనిపిస్తుంది. అన్నింటికన్నా చెడ్డది ఇదే. అందుకే ఏ లైనులో ఏ కరెంటు పారుతుందో దానికి భిన్నమైనదాన్ని ట్రాక్ సర్క్యూట్‌కు ఎంచుకుంటారు. ఏసీ లైనులో డీసీ ట్రాక్ సర్క్యూట్ పెట్టవచ్చు, డీసీ లైనులో అది పనికిరాదు. ముంబై సబర్బన్ లైన్లలో 1925లో 1,500 వోల్టుల డీసీ మొదలైంది, 25 కిలోవోల్టులకు మార్పిడి 2016లో పూర్తయింది. అక్కడ 83⅓ హెర్ట్జ్ ట్రాక్ సర్క్యూట్లు వాడటానికి కారణం, ఆ ఫ్రీక్వెన్సీ డీసీ కాదు, 50 హెర్ట్జ్ కాదు, 50కి గుణిజమూ కాదు.

ఇప్పుడు మీ 3 కిలోమీటర్ల సంగతి. మెట్రో డీసీ నేలలోంచి వచ్చి ఏసీ లైను పట్టాల్లోకి ఎక్కితే, అక్కడ డీసీ ట్రాక్ సర్క్యూట్లు ఉంటే, మొదటి దెబ్బ వాటికే. మెయిన్ లైనులో ఏ రకం ఉన్నాయో కనుక్కున్నారా?

కొత్తపట్టా · సోమవారం, మధ్యాహ్నం 1:05

కనుక్కున్నాను. కొన్ని చోట్ల డీసీ ట్రాక్ సర్క్యూట్లు, స్టేషన్ దగ్గర ఆడియో ఫ్రీక్వెన్సీవి ఉన్నాయి. ఆడియో ఫ్రీక్వెన్సీ అయితే డీసీతో ఇబ్బంది లేదనుకోవచ్చా?

ఎర్రదీపం · సోమవారం, మధ్యాహ్నం 1:50

అనుకోకూడదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఆడియో ఫ్రీక్వెన్సీ రకాల్లో ఫ్రాన్స్‌కు చెందిన యూఎం71 తీసుకోండి. 1,700, 2,000, 2,300, 2,600 హెర్ట్జ్ వాడుతుంది. ఇవి 50కి 34, 40, 46, 52 రెట్లు, అన్నీ సరి సంఖ్యలే. ఏసీ ఇంజన్లు పుట్టించే హార్మోనిక్స్ (50 హెర్ట్జ్‌కు గుణిజాలైన అదనపు ఫ్రీక్వెన్సీలు) ప్రధానంగా బేసి గుణిజాలు కాబట్టి సరి గుణిజాల దగ్గర నిశ్శబ్దంగా ఉంటుందన్న నమ్మకం మీద ఈ ఎంపిక నిలబడింది. డీసీ సబ్‌స్టేషన్ల 12 పల్స్ రెక్టిఫయర్లు (ఏసీని డీసీగా మార్చేవి) 600కు గుణిజాలు, అంటే 1,800, 2,400 పుట్టిస్తాయి. వాటికీ ఇవి తగలవు. చక్కటి ఎంపిక.

అయితే ఏసీ ఇంజను ట్రాన్స్‌ఫార్మర్‌లోకి డీసీ ప్రవేశిస్తే ఈ నమ్మకం చెదిరిపోతుంది. ఏసీ పట్టాల్లో పారే దారితప్పిన డీసీ వల్ల ఇంజను ఉన్న చోటికీ సబ్‌స్టేషన్ ఉన్న చోటికీ మధ్య కొన్ని వోల్టుల తేడా వస్తుంది. ఆ తేడా పట్టాల నుంచి ఇంజను ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ గుండా పై తీగకు, అక్కడి నుంచి సబ్‌స్టేషన్ ట్రాన్స్‌ఫార్మర్‌కు డీసీని తోస్తుంది. ఈ చుట్టులో డీసీకి అడ్డు వచ్చేది రాగి నిరోధం మాత్రమే, అది కొద్ది ఓములు. ఆరు మెగావోల్ట్ ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్‌కు 25 కిలోవోల్టుల దగ్గర నిండు కరెంటు 240 ఆంపియర్లు. అందులో ఇనుమును అయస్కాంతీకరించడానికి పోయేది ఒక శాతం అటూఇటూ. కాబట్టి రెండు మూడు ఆంపియర్ల డీసీ చొరబడినా ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప కోర్ ఒక అర్ధచక్రంలో సంతృప్తమైపోతుంది, అంటే ఇక ఎక్కువ అయస్కాంతీకరణను పట్టలేదు. కరెంటు ఆకారం పైనా కిందా ఒకేలా ఉండదు. అప్పుడు సరి గుణిజాలు పుట్టుకొస్తాయి, ట్రాక్ సర్క్యూట్లు వాడుకునే ఫ్రీక్వెన్సీల మీదే వచ్చి పడతాయి.

సబ్‌స్టేషన్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడితే ఇది చెవికే తెలుస్తుంది. మామూలుగా 100 హెర్ట్జ్ హోరు ఉంటుంది. డీసీ ఎక్కినప్పుడు దాని కింద 50 హెర్ట్జ్ మూలుగు ఒకటి కలిసి గొంతు బరువెక్కుతుంది. అంతటితో అనుమానం వస్తే చాలు, కొలిచి రుజువు చేసుకోవచ్చు.

లెక్కలతోడు · సోమవారం, సాయంత్రం 4:30

ఇంతవరకు డీసీ ఏసీ మీద చేసే పని చెప్పారు. ఏసీ డీసీ మీద చేసే పనికి నేల కూడా అక్కర్లేదు, అయస్కాంత ప్రేరణ గాలిలోంచే వస్తుంది. 20 మీటర్లు చాలన్న మాటకు జవాబుగా ఒక చిన్న లెక్క.

నేల నిరోధకత 100 ఓమ్ మీటర్లు అనుకుంటే, 50 హెర్ట్జ్ దగ్గర 20 మీటర్ల ఎడంలో ఉన్న రెండు వాహకాల మధ్య పరస్పర ప్రేరకత్వం (ఒకదాని కరెంటు మారితే రెండోదానిలో వోల్టేజ్ పుట్టే గుణం) కిలోమీటరుకు సుమారు 0.77 మిల్లీహెన్రీలు. అంటే కిలోమీటరుకు 0.24 ఓములు. ఏసీ తీగలో 300 ఆంపియర్లు 3 కిలోమీటర్ల పొడవునా పారుతుంటే 217 వోల్టులు వస్తుంది. తిరుగు కరెంటులో కొంత పట్టాల్లోనే వెనక్కి పోతూ ఈ ప్రభావాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది అనుకుందాం. సుమారు 110 మిగులుతుంది. మెట్రో పట్టాలు భూమికి కలపకుండా ఉన్నాయి కాబట్టి అది రెండు చివరలకూ పంచుకుపోతుంది, ఒక్కో చివర 55 వోల్టుల దాకా. ఎక్కువసేపు ఉండే ఏసీకి ఈఎన్ 50122 మొదటి భాగం అనుమతించే స్పర్శ వోల్టేజ్ 60. మీరు హద్దు అంచునే ఉన్నారు. అదీ మామూలు నడకలోనే. షార్ట్ సర్క్యూట్ అయితే కరెంటు ఎన్నో రెట్లు పెరుగుతుంది, కాకపోతే అది క్షణాల్లో తెగిపోతుంది కాబట్టి దాని హద్దులు వేరు.

ఎడాన్ని 100 మీటర్లకు పెంచి అదే లెక్క మళ్లీ చేశాను. 217 కాస్తా 126 అయింది. దూరం అయిదింతలైనా వోల్టేజ్ సగానికైనా పడలేదు, ఎందుకంటే ఈ సంబంధం లాగరిథమ్‌ది. దూరాన్ని నమ్ముకుని లాభం లేదు. కరెంటు వెళ్లే దారినీ తిరిగి వచ్చే దారినీ దగ్గరికి చేర్చాలి. బూస్టర్ ట్రాన్స్‌ఫార్మర్లు చేసేది అదే: ఒకటికి ఒకటి నిష్పత్తితో, పట్టాల్లో పోయే కరెంటును లాగి స్తంభాలకు కట్టిన రిటర్న్ తీగలోకి మళ్లిస్తాయి. భారతీయ రైల్వేల్లో వాటి మధ్య దూరం సుమారు 2.66 కిలోమీటర్లుగా పెట్టారు. ఆటో ట్రాన్స్‌ఫార్మర్లతో నడిచే 2×25 కిలోవోల్టుల పద్ధతిలో ఫీడర్ తీగలో వ్యతిరేక దిశ కరెంటు పారుతుంది కాబట్టి బయటి ప్రేరణ బాగా తగ్గుతుంది.

ఇది అంచనా మాత్రమే. నేలను బట్టి, బ్యాలస్ట్ (పట్టాల కింది కంకర) తడిని బట్టి, పక్కనున్న పైపులను బట్టి అంకెలు మారతాయి. కొలవకుండా డిజైన్ ఖరారు చేయవద్దు.

స్విచ్‌యార్డ్ · సోమవారం, రాత్రి 8:15

లెక్కలతోడు గారు చెప్పిన 55 వోల్టులు నిజంగా ఏం చేస్తాయో నేను పనిచేసిన ఒక లైనులో కళ్లారా చూశాను. అందుకే ఈ పోస్టు కాస్త పొడవు.

డీసీ స్టేషన్లలో పట్టాలకూ భూమికీ మధ్య వోల్టేజ్ పరిమితి పరికరం ఉంటుంది. పట్టాలు భూమికి కలపకుండా ఉన్నాయి కాబట్టి రైలు బయలుదేరినప్పుడు వాటి వోల్టేజ్ పెరుగుతుంది. హద్దు దాటితే ఈ పరికరం థైరిస్టర్ (ఎలక్ట్రానిక్ స్విచ్) ద్వారా, తర్వాత కాంటాక్టర్ (కదిలే లోహపు స్విచ్) ద్వారా పట్టాలను భూమికి కలిపి ప్రయాణికుడిని కాపాడుతుంది. అల్మారా తలుపు మీద చిన్న కౌంటర్ ఉంటుంది, ఎన్నిసార్లు మూసుకుందో చూపిస్తుంది.

ఆ స్టేషన్లో కౌంటర్ పరుగెత్తుతోంది. పక్క స్టేషన్లలో కదలడం లేదు. పరికరం చెడిందని మార్చారు, మళ్లీ అదే. పరికరం నమోదు చేసిన సమయాలను తీసుకుని, పక్కనున్న ఏసీ లైను గూడ్సు రైళ్ల సమయాలతో సరిపోల్చాం. బరువైన గూడ్సు ఎత్తు ఎక్కుతున్న నిమిషాల్లో మెట్రో రైలు బయలుదేరితేనే మూసుకుంటోంది. రెండింటిలో ఒకటి మాత్రమే ఉంటే ఏమీ కాదు.

అంకెలు చూడండి. పట్టాల డీసీ వోల్టేజ్ 60. డీసీకి దీర్ఘకాలిక హద్దు 120 కాబట్టి అది నిక్షేపంలా ఉంది. ప్రేరిత ఏసీ 50, హద్దు 60, అదీ బాగానే ఉంది. కానీ 50 వోల్టుల ఏసీ శిఖరం 71. రెండూ కలిస్తే క్షణికంగా 131. ఆ పరికరం క్షణిక విలువనే చూస్తుంది, మూసేస్తుంది.

మూసుకుంటే నష్టమేమిటి, భద్రతే కదా అని అక్కడ కొందరన్నారు. మూసుకున్నంతసేపూ ఆ స్టేషన్లో డీసీ పట్టాలు భూమికి అతుక్కుని ఉంటాయి. తిరుగు కరెంటు ఆ ద్వారం గుండా నేలలోకి దిగుతుంది. పక్కనే ఉన్న ఏసీ పట్టాలు బాగా ఎర్త్ అయి ఉన్నాయి కాబట్టి వాటిలోకే ఎక్కుతుంది. అంటే ఏసీ చేసిన పని వల్ల డీసీ బయటికి వచ్చి, తిరిగి ఏసీ లైను సిగ్నళ్ల మీదికే పోతుంది. ఎర్రదీపం గారు చెప్పిన సరి హార్మోనిక్స్‌కు దారి అక్కడే తెరుచుకుంటుంది.

పరిష్కారంగా రెండు పనులు చేశారు. ఏసీ, డీసీ భాగాలను విడివిడిగా లెక్కగట్టి, రెండూ కలిసినప్పటి హద్దుతో పోల్చే పరికరం పెట్టారు. ఈఎన్ 50122 మూడో భాగంలో ఆ కలిపిన హద్దులు ఉన్నాయి. ఏసీ వైపు ఆ ముక్కకు రిటర్న్ తీగ వేశారు. కౌంటర్ నిలిచిపోయింది. మీ లైనుకు పరికరాల టెండరు వెళ్లకముందే ఈ మాట అందులో ఉండేలా చూడండి.

కాంక్రీటులోపల · మంగళవారం, ఉదయం 7:30

సివిల్ వాళ్లు తుప్పు అంటున్నారని కొత్తపట్టా గారు రాశారు. సివిల్ వాళ్లు అన్నది నిజమే, వాళ్ల దగ్గర అంకెలు కూడా ఉండాలి. ఈఎన్ 50122 రెండో భాగం ప్రకారం, పట్టాల నుంచి సగటున మీటరుకు 2.5 మిల్లీ ఆంపియర్ల లోపు జారితే 25 ఏళ్లలో పట్టాలకు చెప్పుకోదగ్గ నష్టం ఉండదని అనుభవం. పట్టాలకూ భూమికీ మధ్య వాహకత బహిరంగ ట్రాక్‌లో కిలోమీటరుకు 0.5 సీమెన్స్, పట్టాలు నేల మట్టానికి పూడ్చి ఉన్న మూసిన నిర్మాణంలో 2.5 సీమెన్స్ దాటకూడదు. ఉక్కు ఉన్న కాంక్రీటు పొటెన్షియల్ డీసీ వల్ల సగటున 200 మిల్లీవోల్టులకు మించి ధన దిశలో జరగకూడదు. ఈ మూడు అంకెలు మెట్రో సివిల్ డ్రాయింగ్ నోట్స్‌లో ఉన్నాయో లేదో చూడండి.

ఇంకొకటి. మీ భవనం పునాది ఉక్కు మొత్తం ఒకటే అయితే, ఏసీ ప్లాట్‌ఫారం వైపు ఆ ఉక్కును పట్టాలకు బాండ్ చేస్తారు. మెట్రో వైపు అదే ఉక్కు డీసీ పట్టాల కింద ఉంటుంది. అంటే రెండు వ్యవస్థల మధ్య మీరే ఒక లోహపు వంతెన కట్టినట్టు. విస్తరణ జాయింటు దగ్గర ఉక్కును తెంచి, రెండు భాగాలకు వేర్వేరు ఎర్త్‌లు ఇవ్వగలిగితే మంచిది.

కొత్తపట్టా · మంగళవారం, ఉదయం 9:15

పునాదిలో జాయింటు ఉంది, ఉక్కు అక్కడ తెగుతుంది. అయితే డ్రాయింగ్ మళ్లీ తిరగేస్తే, అగ్నిమాపక నీటి పైపు ఒకటి ఏసీ ప్లాట్‌ఫారం నుంచి మెట్రో హాలులోకి పోతోంది. దాని పక్కనే కేబుల్ ట్రే. రెండు వైపులనూ కలిపే స్టీలు రెయిలింగ్ కూడా ఉంది. వీటిని ఎర్తింగ్ డ్రాయింగ్‌లో ఎవరూ చూపించలేదు.

తిరుగుదారి · మంగళవారం, ఉదయం 9:50

చూపించరు, ఎందుకంటే పైపు ఒకరి డ్రాయింగ్‌లో, ట్రే ఇంకొకరి డ్రాయింగ్‌లో, రెయిలింగ్ ఆర్కిటెక్ట్ డ్రాయింగ్‌లో ఉంటాయి. గీత కాగితం మీద ఎంత చక్కగా గీసినా దాన్ని దాటేవి ఇవే. మీరే స్వయంగా నేల నుంచి పైకప్పు దాకా ఆ గీత వెంట నడిచి, దాటే ప్రతి లోహాన్నీ రాసుకోండి. లిఫ్టు గైడు పట్టీలు, ప్రకటన బోర్డు ఫ్రేములు, ఎస్కలేటర్ ట్రస్సు, ఎయిర్ కండిషనింగ్ డక్టు, వాన నీటి గొట్టం, ఒక్కటీ వదలకండి.

పాతకేబుల్ · మంగళవారం, ఉదయం 11:20

ఇంత కష్టం ఎందుకు? మా రోజుల్లో పైపు తుప్పు పడుతోందంటే దాని నుంచి డీసీ సబ్‌స్టేషన్ నెగటివ్‌కు డయోడు గుండా ఒక కేబుల్ వేసేవాళ్లం. కరెంటు నేలలోకి దిగకుండా కేబుల్లోనే వెనక్కి పోయేది. పైపు బతికిపోయేది.

కాంక్రీటులోపల · మంగళవారం, మధ్యాహ్నం 12:05

పాతకేబుల్ గారూ, డీసీ ఒక్కటే ఉన్న చోట, ఆ ఒక్క పైపు వరకు మీ పద్ధతి పనిచేసేది, కాదనను. కానీ కేబుల్ వేయడం అంటే దారితప్పే కరెంటుకు సులువైన దారి ఇవ్వడం. మొత్తం జారే కరెంటు పెరుగుతుంది. మీ పైపు బాగుపడితే, కలపని పక్క పైపు తినుకుపోతుంది.

ఏసీ పక్కన ఉన్న చోట ఇంకా ప్రమాదం. ఆ పైపులోనూ పట్టాల్లోనూ 50 హెర్ట్జ్ ప్రేరిత వోల్టేజ్ ఉంటుంది. డయోడు దాన్ని ఒక దిశలోనే పోనిస్తుంది, అంటే ఏసీని రెక్టిఫై చేసి కొత్త డీసీని తయారుచేస్తుంది. తుప్పును ఆపడానికి పెట్టిన పరికరం తుప్పు పట్టించే కరెంటుకు పుట్టిల్లవుతుంది. ఈ ప్రాజెక్టులో డయోడు వద్దు. పట్టాల ఇన్సులేషన్ బాగుంటే మొదట్లోనే కరెంటు జారదు.

పాతకేబుల్ · మంగళవారం, మధ్యాహ్నం 12:40

రెక్టిఫై అయ్యే సంగతి సబబుగానే ఉంది. ఏసీ లేని రోజుల అనుభవం ఇక్కడ సరిపోదు.

జంటవోల్టు · మంగళవారం, మధ్యాహ్నం 3:10

కొత్తపట్టా గారి లైనులో రైళ్లు ఒకదాని మీదికి ఒకటి రావు, అదృష్టం. నేను రెండు వ్యవస్థలనూ దాటే రైళ్ల మీద పనిచేస్తాను కాబట్టి ఆ వైపు ఒక్కమాట, ఈ చర్చ చదివే ఇతరులకు పనికొస్తుందేమో.

లండన్‌లో థేమ్స్‌లింక్ రైళ్లు ఫారింగ్డన్‌లో 25 కిలోవోల్టుల నుంచి 750 వోల్టుల థర్డ్ రైల్‌కు మారతాయి. డ్రేటన్ పార్క్‌లోనూ అలాంటి మార్పే. అలాంటి చోట కొంత దూరం ఒకే పట్టాలకు రెండు వ్యవస్థలూ ఉండాలి. అక్కడ ఏసీ కోరుకునే ఎర్తింగ్, డీసీ కోరుకునే ఇన్సులేషన్ రెండూ ఒకే ఉక్కు మీద తీరాలి. పట్టాల్లో ఇన్సులేటెడ్ జాయింట్లు పెట్టినా, రైలు ముందు చక్రాలు ఒక వైపు, వెనుక చక్రాలు మరో వైపు ఉన్నంతసేపూ పెట్టెల గుండా రెండు వైపులూ కలిసిపోతాయి. అందుకే రెండు వరుసల జాయింట్లు పెట్టి, వాటి మధ్య దూరం అక్కడ నడిచే అతి పొడవైన రైలు కన్నా ఎక్కువ ఉండేలా చూడాలి. అది మధ్య ముక్కలో ఉన్నప్పుడు ఒక చివరనే తాకుతుంది.

రెండూ ఏసీ అయినా పని తప్పదు. ఊరెసుండ్ వంతెన 2000లో తెరిచారు. వంతెన మీద డెన్మార్క్ 25 కిలోవోల్టులు, 50 హెర్ట్జ్. స్వీడన్ వైపు 15 కిలోవోల్టులు, 16⅔ హెర్ట్జ్. స్వీడన్ ఒడ్డున లెర్నాకెన్ దగ్గర మారతాయి. జర్మనీ వంటి చోట్ల ఇప్పుడున్న 16.7 హెర్ట్జ్ కూడా మొదట్నుంచీ అలా లేదు. 50లో సరిగ్గా మూడో వంతు, 16⅔ ఉండేది. సరిగ్గా మూడో వంతు దగ్గర నిలిచిపోతే ఫ్రీక్వెన్సీ మార్చే తిరుగుడు యంత్రాల్లో కొన్ని వైండింగుల్లో డీసీ నిలిచి వేడెక్కేది. 1995లో జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ దాన్ని 16.7కు జరిపాయి.

స్విచ్‌యార్డ్ · మంగళవారం, సాయంత్రం 5:00

సర్క్యూట్ బ్రేకర్ల సంగతి కూడా చేర్చనివ్వండి, ఎందుకంటే దీన్ని ఎవరూ డిజైన్ సమీక్షలో అడగరు. ఏసీ బ్రేకర్ కరెంటు సున్నా గుండా వెళ్లే క్షణంలో ఆర్క్‌ను (స్విచ్ తెరిచినా గాలిలోంచి మెరుపులా సాగే కరెంటును) ఆర్పేస్తుంది. ఆ కరెంటు మీద దాని శిఖరం కన్నా పెద్ద డీసీ కూర్చుంటే సున్నా రానే రాదు, ఆర్క్ ఆగదు. ఏసీ లైను డీసీ లైను మీదుగా ఎక్కడైనా దాటుతోందా? అలా అయితే 25 కిలోవోల్టుల తీగ తెగి కింది లైను మీద పడితే 750 వోల్టులకు చేసిన ఇన్సులేషన్ తట్టుకోదు. దాటే చోట రెండు వ్యవస్థలనూ ఒకేసారి ఆపే ఏర్పాటు ఉండాలి.

కొత్తపట్టా · మంగళవారం, సాయంత్రం 5:45

దాటదు, ఆ మేరకు ఊరట. ఇప్పుడు నా ముందున్నది రెండు యాజమాన్యాలను ఒకచోట కూర్చోబెట్టడం. వాళ్లు మొదట అడిగేది ఏం కొలవాలి, ఎవరు కొలవాలి అని.

లెక్కలతోడు · మంగళవారం, రాత్రి 7:20

మెట్రోలో కరెంటు రాకముందే ఇప్పటి స్థితిని కొలిచి పెట్టుకోండి. ఏసీ పట్టాల్లో డీసీ ఎంత ఉంది, సబ్‌స్టేషన్ ట్రాన్స్‌ఫార్మర్ కరెంటులో సరి హార్మోనిక్స్ ఎంత, పైపుల పొటెన్షియల్ ఎంత, నేల నిరోధకత ఎంత. ఈ నమోదు లేకుండా మెట్రో మొదలైతే, రేపు సిగ్నల్ పడిపోయినప్పుడు ఎవరు ఎవరి మీద వేలు చూపించాలో తేలదు.

మెట్రో పట్టాలు వేశాక, ఇంకా డీసీ ఇవ్వకముందు, ఏసీ లైనులో గూడ్సు నడుస్తుండగా మెట్రో పట్టాల మీద ప్రేరిత ఏసీ కొలవండి. నా 55 నిజమా కాదా అప్పుడు తెలుస్తుంది, తెలిశాక మార్చుకోవడానికి సమయమూ ఉంటుంది. మూడోసారి రెండూ నడుస్తుండగా, కనీసం ఒక రోజంతా, రెండు వైపులా ఒకే గడియారంతో నమోదు చేయాలి. ఇద్దరు వేర్వేరుగా, వేర్వేరు రోజుల్లో కొలిచి కాగితాలు మార్చుకుంటే స్విచ్‌యార్డ్ గారు చెప్పినలాంటి తప్పు ఎప్పటికీ దొరకదు, ఎందుకంటే అది రెండు రైళ్లు కలిసినప్పుడే పుడుతుంది.

ఎర్రదీపం · మంగళవారం, రాత్రి 8:05

ఆ 3 కిలోమీటర్లలో డీసీ ట్రాక్ సర్క్యూట్లు ఉన్న చోట్ల యాక్సిల్ కౌంటర్లకు మారే విషయాన్ని మెయిన్ లైను వాళ్లతో మొదటి సమావేశంలోనే మాట్లాడండి. అవి పట్టాల్లో కరెంటు మీద కాకుండా చక్రాలు లెక్కపెట్టడం మీద ఆధారపడతాయి. అయినా పట్టాల్లో పెద్ద కరెంట్లు వాటి సెన్సర్లను కలవరపెట్టగలవు కాబట్టి అక్కడా కొలిచి చూడాలి. ఖర్చు ఎవరు భరించాలన్నది ముందే రాసుకోకపోతే పనులు ఆగేది అక్కడే. ఇరుగుపొరుగు గోడకు సున్నం ఎవరు వేయాలన్న తగాదా లాంటిదే ఇదీ.

కొత్తపట్టా · బుధవారం, ఉదయం 10:30

గీత వెంట నడిచి వచ్చాను. రెయిలింగ్‌ను రెండు ముక్కలు చేయడానికి ఆర్కిటెక్ట్ ఒప్పుకున్నారు. కేబుల్ ట్రేను కూడా తెంచి, అందులో పోయే రాగి కమ్యూనికేషన్ కేబుల్‌ను ఫైబర్‌గా మారుస్తున్నారు. మిగిలింది నీటి పైపు. దానికి ఒక ఇన్సులేటింగ్ ఫ్లాంజ్ (కరెంటును దాటనివ్వని పైపు అతుకు) పెడతామంటున్నారు, ఏసీ ప్లాట్‌ఫారం అంచు దగ్గర. సరిపోతుందా?

కాంక్రీటులోపల · బుధవారం, ఉదయం 11:10

ఒక్క ఫ్లాంజ్‌తో సరిపెట్టకండి. ఫ్లాంజ్‌కు అటూఇటూ మనిషి ఒకేసారి రెండు చేతులూ వేయగలడు. అటు ఏసీ పట్టాల వోల్టేజ్, ఇటు మెట్రో వైపు భూమి. పైగా పైపులో నీళ్లు నిండి ఉంటే కొంత కరెంటు ఫ్లాంజ్‌ను దాటి నీళ్లలోంచే పోతుంది. అంచు దగ్గర కాకుండా, భవనంలో ఉక్కు తెగే జాయింటు దగ్గరే, రెండు చేతులు చాచినా రెండు చివరలూ అందనంత పొడవున్న లోహేతర పైపు ముక్క పెట్టమనండి. అగ్నిమాపక నిబంధనలు ఒప్పుకునే రకమే అయి ఉండాలి. అది వీలుకాదంటే రెండు ఫ్లాంజ్‌లు పెట్టి మధ్య ముక్కకు ఇన్సులేటింగ్ పూత వేయించి, దాన్ని ఏ బ్రాకెట్‌తోనూ గోడ ఉక్కుకు కలపకుండా చూడండి. బ్రాకెట్‌ను పెయింటర్లు, ప్లంబర్లు తర్వాత వచ్చి కలిపేస్తారు. పని పూర్తయ్యాక మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరుతో) కొలిచి, విలువను పైపు మీదే రాయించండి.

తిరుగుదారి · బుధవారం, ఉదయం 11:45

ఆ విలువను రెండు యాజమాన్యాల నిర్వహణ పుస్తకాల్లోనూ నమోదు చేయించండి, ఏడాదికోసారి మళ్లీ కొలిచే బాధ్యత ఎవరిదో పేరుతో సహా. జాయింటు దగ్గర గోడ మీద శాశ్వత పరీక్ష టెర్మినళ్లు రెండు పెట్టించండి, ఒకటి ఏసీ ఎర్త్‌కు, ఇంకొకటి మెట్రో ఎర్త్‌కు. వాటి మధ్య మీటరు పెడితే గీత ఇంకా నిలిచి ఉందో లేదో నిమిషంలో తెలుస్తుంది.